చీకటిలో ఎరుపు: దీర్ఘకాల స్ఫురదీప్తి పదార్థాల చరిత్ర – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
వెలుతురును గ్రహించి, అది తొలగిన తరువాత కూడా చీకటిలో ప్రకాశించే పదార్థాలు దీర్ఘకాల స్ఫురదీప్తి పదార్థాలు. ఐరోపాలో తొలిసారి ప్రసిద్ధి పొందిన ఇటువంటి పదార్థం నారింజ-ఎరుపు వన్నెలో వెలిగింది. అయినా నాలుగు శతాబ్దాల తరువాత కూడా ఎరుపు పదార్థాలు ఆకుపచ్చ, నీలి పదార్థాలకు సాటి రాలేదు. ఈ వెనుకబాటుకు కారణం రసాయన నిర్మాణంలోనే కాక, మానవ నేత్ర స్వభావంలోను, కాంతిని కొలిచే ప్రమాణంలోను ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: స్ఫురదీప్తి, బొలోన్యా రాయి, సల్ఫైడులు, యూరోపియం, దృష్టి ప్రమాణం.

1. బొలోన్యా రాయి:
1603 ప్రాంతంలో ఇటలీలోని బొలోన్యా నగరంలో విన్చెన్జో కాషారోలో అనే పాదరక్షల వృత్తికారుడు రసవాద ప్రయోగాలు చేసేవాడు. పాడెర్నో కొండ వద్ద లభించిన బరువైన రాళ్లను అతడు బొగ్గుతో కాల్చాడు. ఆ రాతిని ఎండలో ఉంచి చీకటిలోకి తెస్తే నిప్పుకణికవలె ప్రకాశించింది. అది బేరియం సల్ఫేట్ ఖనిజం. కడప ప్రాంతపు మంగంపేట గనులలో తవ్వి తీసే ముగ్గురాయి కూడా ఇదే. బొగ్గులోని కార్బన్ ఈ సల్ఫేటు నుండి ఆక్సిజన్‌ను తొలగించి, దానిని బేరియం సల్ఫైడుగా మార్చింది. ఆ వెలుగుకు మూలం రాతిలో సహజంగా ఉన్న స్వల్పమైన రాగి అయాన్లని 2012లో ప్రచురితమైన పరిశోధన నిర్ధారించింది.

ఫోర్తూనియో లిచేతి 1640లో ఈ రాతిపై ఒక గ్రంథమే వెలువరించాడు. చంద్రుని చీకటి భాగంలో కనిపించే మసక వెలుగు కూడా ఇటువంటిదేనని అతడు వాదించగా, అది భూమి నుండి ప్రతిఫలించిన కాంతి అని గెలీలియో ఖండించాడు.

2. సల్ఫైడుల నుండి అల్యూమినేట్ వరకు:
1768లో జాన్ కాంటన్ ఆయిస్టర్ గుల్లలను గంధకంతో కాల్చి కాల్షియం సల్ఫైడు దీప్తి పదార్థాన్ని తయారుచేశాడు. 1866లో సిడో జింక్ సల్ఫైడు స్ఫటికాల దీప్తిని వెల్లడించాడు. ఈ పదార్థాలలో అతి తక్కువ మోతాదులో చేరే లోహమే వెలుగుకు కారణమని ఫిలిప్ లెనార్డ్ పరిశోధనలు స్పష్టం చేశాయి. రాగి చేర్చిన జింక్ సల్ఫైడు ఆకుపచ్చగా వెలుగుతూ 20వ శతాబ్దిలో అత్యధిక వ్యాప్తి పొందింది. అయితే దాని వెలుగు త్వరగా తగ్గిపోయేది. గడియారపు ముఖాలు రాత్రంతా వెలగడానికి దానికి రేడియం కలిపారు. ఆ రంగు పూసిన మహిళా కార్మికులలో అనేకులు రేడియోధార్మికతకు బలయ్యారు.

1990లలో జపాన్‌కు చెందిన నెమోటో సంస్థ పరిశోధకులు యూరోపియం, డిస్ప్రోసియం చేర్చిన స్ట్రాన్షియం అల్యూమినేట్‌ను రూపొందించి, 1996లో ఆ వివరాలను ప్రచురించారు. 520 నానోమీటర్ల వద్ద ఆకుపచ్చగా వెలిగే ఈ పదార్థం రేడియోధార్మికత లేకుండానే రాత్రంతా కనిపించగలదు.

3. ఎరుపు తయారీలోని చిక్కు:
కాంతి తాకినప్పుడు విడివడిన ఎలక్ట్రాన్లు కొన్ని స్ఫటికంలోని లోపస్థానాలలో చిక్కుకొంటాయి. గది ఉష్ణోగ్రత వాటిని క్రమంగా విడిపించినప్పుడు నిలువ ఉన్న శక్తి వెలుగుగా బయటపడుతుంది. ఆ స్థానాలు లోతు తక్కువైనవైతే వెలుగు త్వరగా ముగుస్తుంది. మరీ లోతైనవైతే ఎలక్ట్రాన్లు బయటికి రానేరావు.

అల్యూమినేట్‌లో ఆకుపచ్చగా వెలిగే ద్విసంయోజక యూరోపియం కాల్షియం సల్ఫైడులో 650 నానోమీటర్ల వద్ద ఎర్రగా వెలుగుతుంది. అయితే సల్ఫైడు గాలిలోని తేమతో చర్య జరిపి, దుర్వాసన గల హైడ్రోజన్ సల్ఫైడును విడుదల చేస్తూ క్షీణిస్తుంది. దీనికి ప్రత్యామ్నాయంగా 1990ల చివర త్రిసంయోజక యూరోపియం, మెగ్నీషియం, టైటానియం చేర్చిన ఇట్రియం ఆక్సీసల్ఫైడు వచ్చింది. యూరోపియం చేర్చిన ఇట్రియం ఆక్సీసల్ఫైడు అప్పటికే రంగుల టెలివిజన్ తెరలలో ఎరుపునిచ్చే పదార్థం. దీని తయారీలో ఆయా లోహాల ఆక్సైడులను గంధకం, సోడియం కార్బనేటులతో నూరి, మూత ఉన్న అల్యూమినా మూసలో బొగ్గుపొడి కప్పి, 1100–1200 డిగ్రీల సెల్సియస్ వద్ద కొన్ని గంటలు కాలుస్తారు. తరువాత నీటితో కడిగి లవణాలను తొలగిస్తారు. కాషారోలో కొలిమిలోని బొగ్గు, గంధకం ఇక్కడ కూడా కనిపిస్తాయి. ఈ పదార్థం 627 నానోమీటర్ల సమీపంలో వెలుగుతుంది. తేమను సల్ఫైడుల కంటే బాగా తట్టుకొంటుంది. వెలుగు నిలిచే కాలంలో మాత్రం అల్యూమినేట్‌ను అందుకోలేదు.

4. కన్ను – కొలమానం:
ఒక పదార్థం ఎంతకాలం వెలిగిందో చెప్పడానికి దాని దీప్తి చదరపు మీటరుకు 0.32 మిల్లీకాండెలాకు తగ్గేవరకు పట్టే సమయాన్ని లెక్కిస్తారు. కాండెలా పగటి దృష్టి ఆధారంగా నిర్మించిన ప్రమాణం. సమాన శక్తి గల కాంతులలో 650 నానోమీటర్ల ఎరుపుకు ఈ ప్రమాణం 520 నానోమీటర్ల ఆకుపచ్చతో పోలిస్తే సుమారు ఏడో వంతు విలువనే ఇస్తుంది. చీకటికి అలవాటుపడిన కంటి దండకణాలకు ఈ వ్యత్యాసం వెయ్యి రెట్లకు మించుతుంది. మునిమాపువేళ ఎర్రని పూలు ఆకులకంటే ముందుగా నల్లబడడాన్ని 19వ శతాబ్దిలో పుర్కిన్యే గుర్తించాడు. కాబట్టి ఎర్రని పదార్థం ఇంకా కాంతిని వెలువరిస్తున్నా, చూపరికి అది ఆరిపోయినట్లే.

పరికరం కంటి స్థానాన్ని తీసుకొన్నప్పుడు ఈ తీర్పు మారింది. ఎరుపు, సమీప పరారుణ కాంతులు శరీర కణజాలం గుండా మిగిలిన వర్ణాలకంటే లోతుగా ప్రసరిస్తాయి. ముందుగా వెలుతురు పట్టించిన నానోకణాలను ఎలుకల శరీరంలోకి పంపి చిత్రించే విధానాన్ని 2007లో ఫ్రెంచి పరిశోధకులు ప్రకటించారు. క్రోమియం చేర్చిన జింక్ గాలోజర్మనేట్ 360 గంటలకు పైగా సమీప పరారుణ కాంతిని వెలువరించడాన్ని జార్జియా విశ్వవిద్యాలయంలో జెంగ్‌వై పాన్ బృందం గుర్తించి, 2012లో నేచర్ మెటీరియల్స్ పత్రికలో ప్రచురించింది. ఆ వెలుగు కంటికి దాదాపు కనిపించదు.

5. ముగింపు:
ఎర్రని స్ఫురదీప్తి చరిత్రను కేవలం వైఫల్యాల వరుసగా చూడడం సమంజసం కాదు. సల్ఫైడుల అస్థిరత, లోపస్థానాల లోతును కుదర్చడంలోని కష్టం వాస్తవాలే. అయితే ఆకుపచ్చ ఆధిక్యంలో కొంత భాగం కంటి పక్షపాతం. ఆ పక్షపాతమే కొలమానంలోకీ ప్రవేశించింది. పదార్థశాస్త్ర చరిత్రను రచించేవారు ఒక పదార్థం ఏమి సాధించిందో చెప్పేముందు, ఆ సాధనను ఏ ప్రమాణంతో, ఎవరి అవసరం కోసం కొలిచారో కూడా పరిశీలించవలసి ఉంటుంది.