దగ్గుమందు సీసా చెప్పే చరిత్ర

పేదోళ్ల రోగాల మాట ఎత్తగానే చదువుకున్నోళ్ల నోట ముందుగా వచ్చేది ఒకటే: వీళ్లకు అవగాహన లేదు. రోగం ముదిరేదాకా రారు, వచ్చినా మందులు సగంలో మానేస్తారు. మాలపల్లె మీద, మాదిగవాడ మీద ఈ నింద మరీ గట్టిగా అతుక్కుపోయింది. నెలల తరబడి, ఏళ్ల తరబడి మందు వాడాల్సిన జబ్బుల విషయంలో ఇదెంత నిజం? దీనికి జవాబు 60 ఏళ్ల కిందే దొరికింది. దొరికినదాన్ని పట్టించుకోలేదు, అంతే.

క్షయ సంగతే చూద్దాం. సరైన మందుల్లేని కాలంలో క్షయకు వైద్యమంటే శానటోరియమే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషనరీలు 1915లో తెరిచింది అలాంటిదే. మంచి గాలి, మంచి తిండి, నెలల కొద్దీ విశ్రాంతి. ఒక్కపూట కూలికి పోకపోతే పొయ్యి వెలగని ఇంటికి ఆ విశ్రాంతి ఎక్కడిది?

మందులు వచ్చాక 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలైంది. నగరంలోని పేద రోగుల్ని రెండు భాగాలు చేశారు. కొందరిని శానటోరియంలో పెట్టారు. మిగతావాళ్లకు ఇంటి దగ్గరే మందులిచ్చారు. అందరికీ ఏడాదిపాటు వైద్యం. శానటోరియం వాళ్లకు కడుపునిండా తిండి, మంచం మీద విశ్రాంతి. ఇంటి దగ్గరున్నోళ్లకు ఇరుకు గది, చాలీచాలని తిండి, తప్పని పని. 1959లో ఫలితాలు అచ్చయ్యాయి. ఇంటి దగ్గరున్నోళ్లకూ దాదాపు అంతే నయమైంది. వాళ్ల కుటుంబాలకు జబ్బు అంటుకోవడమూ పెరగలేదు. అయితే అక్కడ మాత్రలొక్కటే పనిచేయలేదు. ఆరోగ్య కార్యకర్తలు ఆ ఇళ్లకు పోయారు, కూర్చున్నారు, మాత్రలు లెక్కబెట్టారు. మనిషి గడప దాకా వెళ్లడం ఆ వైద్యంలో సగం.

లోకం మద్రాసు నుంచి మాత్రలు నేర్చుకుంది. గడప సంగతి మరిచిపోయింది.

1962లో జాతీయ క్షయ కార్యక్రమం వచ్చింది. దాని బరువును మామూలు ఆసుపత్రుల మీద, పీహెచ్‌సీల మీద పెట్టారు. మరుసటేడు, 1963లో, బెంగుళూరులోని జాతీయ క్షయ సంస్థ నుంచి బెనర్జీ, ఆండర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు తుమకూరు జిల్లా పల్లెల్లో తేల్చిన విషయం ఒకటి బయటికొచ్చింది. క్షయ ఉన్నోళ్లలో చాలామందికి తమ ఒంట్లో బాగాలేదని తెలుసు. సగానికి పైగా అప్పటికే వైద్యం కోసం పోయి వచ్చారు. పోయినోళ్లకు దక్కింది కఫం పరీక్ష కాదు, దగ్గుమందు సీసా! రోగి పోయాడు, ఆసుపత్రి తిప్పి పంపింది. మరి అవగాహన లేనిది ఎవరికి?

ఇంత తెలిశాక కూడా రోగి మీద అపనమ్మకం పోలేదు. 1997లో డాట్స్ పద్ధతి వచ్చింది. వారానికి మూడుసార్లు కేంద్రానికి పోవాలి, వాళ్లు చూస్తుండగా మాత్ర మింగాలి. పోయిన పూట కూలి ఎవరిస్తారో ఆ కార్డులో రాయలేదు. 2017 నుంచి రోజువారీ మందులకు మారేదాకా ఇదే నడిచింది.

మరి మనిషి గడప దాకా ఎందుకు రాలేదు? ఇక్కడే కులం మాట్లాడాలి. 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి అంటరానితనం మీద చేసిన అధ్యయనం 2006లో పుస్తకంగా వచ్చింది. మూడోవంతు గ్రామాల్లో ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్లలో అడుగుపెట్టడం లేదని అది చెప్పింది. ఊరికీ వాడకూ మధ్య దూరం కిలోమీటర్లలో కొలిచేది కాదు.

ఇప్పుడు షుగరు, బీపీ కూలోళ్ల ఇళ్లలోకీ వచ్చాయి. బాబాసాహెబ్ చివరి ఏళ్లంతా షుగరుతో పోరాడారు. 1948లో ఆయన పెళ్లాడిన సవితా అంబేడ్కర్ స్వయానా డాక్టరు. రోజూ కనిపెట్టుకునే మనిషి లేకపోతే ఇలాంటి జబ్బు లొంగదు. వాడలో ఆ మనిషెవరు? ఆరెంపీ డాక్టరు, లేదంటే ఎవరూ లేరు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. గుండె ఆపరేషన్‌కు డబ్బులొచ్చాయి, ప్రాణాలు నిలబడ్డాయి, కాదనలేం. కానీ గుండె పాడవకుండా రోజూ మింగాల్సిన బీపీ మాత్ర దాని పని కాదు. మరుసటేడు, 2008లో, 104 బండి వచ్చింది. నెలకోసారి, చెప్పిన రోజున ఊళ్లోకొచ్చి బీపీ, షుగరు చూసి మాత్రలిచ్చేది. మద్రాసు పాఠానికి కాస్త దగ్గరగా వచ్చిన ప్రయత్నం ఇదే. అయితే బండి ఎక్కడ ఆగింది, రచ్చబండ దగ్గరా, వాడలోనా? ముసలమ్మ అక్కడిదాకా నడిచిపోయి, నలుగురిలో నిలబడి మందు తీసుకోగలిగిందా?

మన పరిశోధకులు పట్టుకోవాల్సిన ప్రశ్నలు ఇవే. ఎంతమంది మందులు మానేశారన్న లెక్క రిజిస్టర్లలో ఉంటుంది. వాడకు ఎన్నిసార్లు మనిషి రాలేదు, ఎంతమందిని సీసా ఇచ్చి తిప్పి పంపారు అన్న లెక్క మనమే తీయాలి. ముసలోళ్లను అడిగి, ఇల్లిల్లూ తిరిగి తీయాలి.