ఓరుగల్లు గద్దె మీద పేరిగాడు

ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం పుట్టినరోజు. తెలుగు నాటకరంగ దినోత్సవం కూడా. ఈ పేజీ నింపడానికి నాకు దొరికిన సాకు అదే. వందల ఏళ్లు ఊరూరా ఆడిన యక్షగానాలు, వీధి భాగవతాల్లో కాగితం మీద మిగిలింది తక్కువ. 1860లో కోరాడ రామచంద్రశాస్త్రి ‘మంజరీ మధుకరీయం’, 1880లో కందుకూరి ప్రదర్శనలు అని రెండంగల్లో దాటేసి 1897లో ఆగుతాను. వేదం వేంకటరాయశాస్త్రి ‘ప్రతాపరుద్రీయం’ రాసిన ఏడాది అది.

శాస్త్రిగారి కొలువు మద్రాసు క్రైస్తవ కళాశాలలో. నాటకం ఆడింది నెల్లూరి ఆంధ్ర భాషాభిమాని సమాజం. ఆ రెండూళ్ల మధ్య రైలుదారిలోనే మా గూడూరు ఉంది. ఆయన మా స్టేషన్లో ఓసారైనా దిగే ఉంటారని నమ్మడం నాకిష్టం. సొంతూరి పిచ్చి, ఏంచేస్తాం!

అసలు ప్రతాపరుద్రుడు 1323లో ఢిల్లీ సేనకు చిక్కి, బందీగా పోతూ నర్మద ఒడ్డున ప్రాణం విడిచాడు. శాస్త్రిగారికి ఆ ముగింపు మింగుడుపడలేదు. ఆయన నాటకంలో మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషంలో ఢిల్లీ వెళ్లి, రాజును విడిపించడమే కాక సుల్తాన్నే పట్టుకొస్తాడు. ఈలోగా ఓరుగల్లులో గద్దె ఖాళీగా ఉండకూడదు కదా! రాజు పోలికలున్న చాకలి పేరిగాణ్ణి కూర్చోబెడతారు. కిరీటం కుదిరింది, ముఖం కుదిరింది; నోరు తెరిస్తే మాత్రం చాకిరేవు. పక్కనున్నవాళ్ల గుండెలు జారిపోతుంటాయి, హాలు గొల్లుమంటుంది. వాడి నోట వాడి మాటే పెట్టిన ఈ పండితుడే తర్వాత గిడుగువారి వ్యావహారికాన్ని ఎదిరించడం ఇంకో నాటకం.

నాటకాల్ని ఆపే చట్టం 1876 నుంచీ తెల్లదొరల చేతిలో ఉంది. పద్నాలుగో శతాబ్దపు సుల్తాను ఓడితే వాళ్లకేం నొప్పి? శాస్త్రిగారిదే 1916 నాటి ‘బొబ్బిలి యుద్ధం’లోనూ దండెత్తి వచ్చేది ఫ్రెంచి బుస్సీయే. శాస్త్రిగారి దేశభక్తికి లౌక్యం పాలు ఎక్కువ. దామరాజు పుండరీకాక్షుడు ఆ ముసుగు తీసేసి జలియన్‌వాలాబాగ్ మీద ‘పాంచాల పరాభవం’ రాస్తే నిషేధం పడింది.

తర్వాత సినిమా, టీవీ, చేతిలో ఫోను.

నా చిన్నతనంలో మా తిరునాళ్లలో పేరిగాడి వేషం కట్టినాయన తెల్లారేసరికి నిమ్మకాయల మార్కెట్లో మూటలు మోసేవాడు. చెవుల వెనక ఇంకా రంగు ఉండేది. మేం ‘మహారాజా!’ అని అరిస్తే, మూట దించకుండానే మెడ నిక్కించి, మా సలాము అందుకుని పోయేవాడు.