సైమా నీళ్లు దారి మళ్లిన వైనం

ఫిన్లాండ్‌ను వెయ్యి సరస్సుల దేశమంటారు. తగ్గించి చెప్పిన లెక్క అది. చిన్నాచితకా కలిపితే 1,88,000 దాకా తేలతాయి. అన్నిటినీ హిమానీనదాలే తవ్వాయని బడిపుస్తకాలు చెబుతాయి. తవ్వాయి, నిజమే. కానీ అసలు కథంతా మంచు ఆగినప్పుడు, వెళ్లిపోయాక జరిగిందంటాను.

గత మంచుయుగంలో ఇక్కడ రెండు మూడు కిలోమీటర్ల మందాన మంచు పేరుకుంది. అడుగున చిక్కిన రాళ్లతో గట్టి శిలలను గీరుకుంటూ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి కదిలింది. సైమా సరస్సు ఒడ్డు బండల మీద ఆ గీతలు నేటికీ ఉన్నాయి. మంచు ఎక్కొచ్చిన వైపు బండ నున్నగా అరిగిపోయింది, దిగిన వైపు పెచ్చులూడి గరుకుదేలింది. తడిమి చూస్తే చాలు, మంచు ఎటునుంచి వచ్చిందో తెలిసిపోతుంది.

సుమారు 12,000 ఏళ్ల క్రితం, కరిగి వెనక్కి పోతున్న మంచు చలి తిరగబెట్టడంతో వందల ఏళ్లు నిలిచిపోయింది. దాని అంచున కరుగునీరు ఇసుకా కంకరా కుప్పలు పోసింది. అవే సాల్‌పౌస్‌సెల్కా గట్లు. వందల కిలోమీటర్ల పొడవున, సరస్సుల సీమకు దక్షిణాన చెరువు కట్టలా నిలిచాయి.

బరువు దిగాక, అణిగిన నేల లేవసాగింది. వాయవ్యాన ఎక్కువ, ఆగ్నేయాన తక్కువ. దాంతో అంతదాకా బోత్నియా సింధుశాఖ వైపు పారిన సైమా నీళ్లు దక్షిణానికి ఒరిగాయి. దాదాపు 6,000 ఏళ్ల క్రితం కట్ట తెగింది, ఉవోక్సీ నది పుట్టి లదోగా సరస్సు దారి పట్టింది. ఇమాత్రా దగ్గర ఆ నీటి వాలు మీదే 1929లో జలవిద్యుత్ కేంద్రం మొదలైంది. ఆ నది పుట్టడానికి చాలా ముందే, నేల లేచి సముద్రానికి దారి మూసుకుపోవడంతో సైమాలో చిక్కుకున్న సీల్ జంతువుల సంతతి ఇప్పటికీ ఆ మంచినీళ్లలోనే బతుకుతోంది.

నేల ఇలా లేస్తోందని మనిషి గ్రహించడానికి చాలాకాలం పట్టింది. స్వీడన్ తీరంలో ఆండర్స్ సెల్సియస్ 1731లో నీటిమట్టం గుర్తుగా ఒక బండకు గాటు పెట్టించాడు. సముద్రమే ఇంకిపోతోందని ఆయన నమ్మకం. మంచు బరువుకు నేల కుంగి, తర్వాత లేస్తుందన్న మాట 1865లో థామస్ జేమీసన్ అనేదాకా ఆగాల్సి వచ్చింది.

బోత్నియా తీరాన క్వార్కెన్ దగ్గర నేల ఇప్పటికీ ఏడాదికి 8, 9 మిల్లీమీటర్లు లేస్తోంది. అక్కడి వాసా పట్టణం 1852లో తగలబడింది. పాత రేవు అప్పటికే ఓడలకు లోతు చాలకుండా అయింది. అందుకని ఊరిని ఉన్నచోట కట్టలేదు, ఏడు కిలోమీటర్ల దూరాన సముద్రం అంచుకు తరలించారు.