వలసవచ్చిన కొయ్యకొండ

పెన్సిల్వేనియా రాష్ట్రపు తూర్పుభాగమున, ఆంత్రసైట్ అను గట్టిజాతి బొగ్గును శతాబ్దమునకు పైగా త్రవ్వి తీసిన గనుల సీమలో, ఎలిస్‌బర్గ్ అను చిన్న ఊరికి చేరువగా, చెట్లు దట్టముగా పెరిగిన ఒక లోయలో క్నోబెల్స్ అను వినోదోద్యానము కలదు. కలపకోతయు వ్యవసాయమును వృత్తిగా గల ఒక కుటుంబము 1926 జూలై 4వ తేదీన ఒక ఈతకొలనుతో ఆరంభించిన ఈ తోట నేటికిని ఆ కుటుంబపు యాజమాన్యముననే నడచుచున్నది. లోనికి పోవుటకు రుసుము లేదు. ఎక్కదలచిన ఆటకు మాత్రము టికెట్టు కొనుక్కొందురు. ఇచ్చట 1985 జూన్ 15వ తేదీన తొలిసారి ప్రజలకు తెరచిన ఫీనిక్స్ అను కొయ్య రోలర్ కోస్టరు ఈ నేలమీద పుట్టినది కాదు. దాని జన్మస్థానము ఇచ్చటికి సుమారు 1,600 మైళ్ల దూరమున, టెక్సస్ రాష్ట్రములోని సాన్ ఆంటోనియో నగరము.

ఇందులో వింత యేమని పాఠకులకు తోచవచ్చును. మన తీర్థములలోను, నాంపల్లి నుమాయిషులోను రంగులరాట్నములు, జెయింట్ వీళ్లు ఏటేట వచ్చి నిలిచి, ఉత్సవము ముగియగానే లారీల కెక్కి మరియొక ఊరికి తరలిపోవుట మన మెరిగినదే కదా. కాని అవి విప్పుటకై కట్టినవి. కొయ్య రోలర్ కోస్టరు అట్టిది కాదు. నేల ఎత్తుపల్లములను చూచి, వేలకొలది స్తంభములను, అడ్డకమ్ములను వడ్రంగులు అక్కడికక్కడ కోసి, మేకులతోను బోల్టులతోను బిగించి, ఆపైన పలకలను పొరలుపొరలుగా పేర్చి, ఆ దొంతర తలపై ఉక్కుపట్టీని పరచి, బండి నడచు దారిని సిద్ధము చేయుదురు. దానిని ఊడబెరుకుట యన్న సాధారణముగా పడగొట్టుటయే. 1985కు పూర్వము ఇట్టి కట్టడము మూతపడినచో దాని గతి దాదాపు నిశ్చయము: గొడ్డలియో, అగ్నియో.

ఈ క్రీడకు మూలము ఆ బొగ్గుసీమయే యనుట చరిత్రలోని చక్కని సంగతి. 1827లో, సమ్మిట్ హిల్ అను కొండమీది గనులనుండి మాక్ చంక్ పట్టణపు నదీతీరమునకు బొగ్గును దింపుటకై సుమారు తొమ్మిది మైళ్ల పట్టాల దారిని వేసిరి. బొగ్గుబండ్లు తమ బరువుతోనే దిగివచ్చెడివి; ఖాళీబండ్లను పైకి లాగుటకు కంచరగాడిదలుండెడివి; అవియు దిగునపుడు బండ్లలోనే నిలబడి ప్రయాణము చేసెడివట. బొగ్గు రవాణాకు ఆ దారి అక్కరలేకపోయిన తరువాత సరదాకై దిగువారు అసంఖ్యాకముగా వచ్చిరి. 1884లో లామార్కస్ థాంప్సన్ అను నాతడు న్యూయార్కు చేరువనున్న కోనీ ఐలెండులో గంటకు ఆరు మైళ్ల వేగముతో పోవు స్విచ్‌బ్యాక్ రైల్వేను నెలకొల్పి, తలకు ఐదు సెంట్లు వసూలు చేసెను. జాన్ మిల్లర్ అను నిర్మాత పట్టా అడుగుభాగమును కూడ పట్టుకొని యుండు చక్రములను కనిపెట్టి, 1919లో పేటెంటు పొందుటతో బండి పైకెగిరి పడిపోవునను భయము తీరినది, వంపులును పల్లములును యథేచ్ఛగా పెరిగినవి. 1920 దశాబ్దిలో అమెరికా నిండ రోలర్ కోస్టర్లే. ఆపైన ఆర్థికమాంద్యము, యుద్ధము, నగరములలో నేల ధర పెరుగుట, ఒకదానివెంట నొకటి వచ్చి ఆ వైభవమును హరించెను.

యుద్ధము ముగిసిన పిమ్మట వచ్చిన స్వల్పమైన ఊపులో, 1947లో, సాన్ ఆంటోనియోలోని ప్లేలాండ్ పార్కునందు 'రాకెట్' అను పేర ఈ కోస్టరు వెలసెను. రూపకల్పన చేసినవాడు ఫిలడెల్ఫియా టొబాగన్ కంపెనీకి చెందిన హెర్బర్ట్ ష్మెక్. 1904లో స్థాపితమైన ఆ సంస్థ రంగులరాట్నములకును కోస్టర్లకును అమెరికాలో పేరుపొందినది. పెన్సిల్వేనియా పనితనము ఆ విధముగా టెక్సస్ చేరెను; మరల పెన్సిల్వేనియాకు వచ్చునని ఎవరును ఊహించి యుండరు. 1980లో ప్లేలాండ్ మూతపడెను. తరువాతి సంవత్సరములలో రాకెట్ కదలక, ఎండకును వానకును నిలిచియుండెను.

తోట యజమానుల కుటుంబమునకు చెందిన డిక్ క్నోబెల్ దానిని కొని తమ తోటకు తెచ్చుటకు నిశ్చయించినప్పుడు పెద్ద చిక్కు ఎదురైనది. కట్టడపు మూలచిత్రములు ఏవియు చేతికి రాలేదు. ఏ స్తంభము ఎంత పొడవు, ఏ వంపున పట్టా ఎంత వాలవలెను అను లెక్క కాగితముమీద లేదు; నిలిచియున్న కొయ్యలోనే ఉన్నది. కనుక ఆ కొయ్యనే గ్రంథముగా చదువవలసి వచ్చెను. ఒహాయోలోని కింగ్స్ ఐలెండ్ వనమున 1979లో 'బీస్ట్' అను అతిదీర్ఘమైన కొయ్య కోస్టరు నిర్మాణమును నడిపించిన చార్లెస్ డిన్ ఈ పనికి సారథ్యము వహించెను. విప్పు ప్రతి కొయ్యముక్కకు గుర్తు వేసిరి; ఏది దేనిప్రక్కనుండెనో వ్రాసికొనిరి. అటుపిమ్మట లారీలపై ఆ కలపను దేశపు దక్షిణమునుండి ఈశాన్యమునకు తరలించి, చెడిన దానిని తీసివేసి క్రొత్తది చేర్చి, జూన్ నడుమకు బండి నడచునట్లు నిలబెట్టిరి. ఇంతటి కొయ్యకట్టడమును ఒకచోట విప్పి, అన్ని వంపులతో మరియొకచోట నిలిపి, నడిపించి చూపుట అసాధ్యము కాదని ఆ వృత్తిలోనివారికి తెలిపినది ఈ కార్యమే. భస్మమునుండి లేచునను పురాణపక్షి పేరు దానికి పెట్టుట అతిశయోక్తి యని నాకు తోచదు.

ఇప్పటి కోస్టర్లతో పోల్చినచో దాని కొలతలు గొప్పవి కావు: ఎత్తు 78 అడుగులు, దారి పొడవు సుమారు 3,200 అడుగులు, పరమవేగము గంటకు 45 మైళ్లు. మొదట బండి చీకటి సొరంగములో చొచ్చి, దిక్కుతెలియని మలుపులు తిరిగి, ఆపైన గొలుసు పట్టున శిఖరమునకు చేరును. అంతటితో యంత్రము పని ముగిసినది. తక్కినదంతయు భూమ్యాకర్షణము చేయును. రెండు మెట్లుగా ఎక్కి రెండు మెట్లుగా దిగు దారియు, చివర వరుసగా వచ్చు చిన్న తిప్పలును దాని ప్రత్యేకత. ఒడిమీదకు దిగు కడ్డీ తొడలను అదిమిపట్టదు గనుక, ప్రతి తిప్పపైనను కూర్చున్నవాడు ఆసనమునుండి నిజముగా లేచును. ష్మెక్ లెక్కలోని సౌందర్యమంతయు ఇచ్చటనే కలదు. 2018లో 'అమ్యూజ్‌మెంట్ టుడే' పత్రిక గోల్డెన్ టికెట్ పురస్కారములలో కొయ్య కోస్టర్లన్నిటిలో దీనికే ప్రథమస్థానము లభించినది; అప్పటికి దాని వయస్సు 71 ఏండ్లు.

టెక్సస్ నుండి వచ్చిన కలపలో నేటికి ఎంత మిగిలినది అని సంశయించువారు ఉందురు. కొయ్య కోస్టరు ఎచ్చటనున్నను వడ్రంగుల చేతిలో ఏటేట కొంత క్రొత్తదగుచునే యుండును. పుట్టిన ఊరిలోనే నిలిచినదైనను అంతే. తరలి వచ్చినది వట్టి కలప కాదు, ఆ వంపుల క్రమము. ఏ గుట్ట తరువాత ఏ లోయ, ఎంత ఆలస్యము, ఎంత తొందర: అదియే కృతి. సాన్ ఆంటోనియో ప్రజలు తమ యౌవనపు గురుతును కోల్పోయిరనుట సత్యమే. వారి దుఃఖము తేలిక యైనది కాదు. అయినను మూసిన తోటలో కుళ్లిపోవుట కంటె పరుల ఊర పరుగెత్తుట మేలని నా నిశ్చయము. ఇట్టి వస్తువును ప్రదర్శనశాలలో రక్షింప వీలులేదు. బండి నడచినంతకాలమే అది బ్రదికియుండును.

ఫలితము వెంటనే కనబడెను. మసాచుసెట్స్‌లోని పారగాన్ పార్కునందు 1917లో జాన్ మిల్లర్ రూపకల్పనతో వెలసిన జెయింట్ కోస్టరును 1986లో మేరీలాండ్‌కు తెచ్చి 'వైల్డ్ వన్' అను పేర నడిపించిరి. న్యూయార్కు రాష్ట్రములోని రోజ్‌లాండ్ పార్కునుండి స్కైలైనరు 1987లో పెన్సిల్వేనియాలోని ఆల్టూనాకు చేరెను. ఈ రెంటిలోను డిన్ సంస్థ హస్తము కలదు. కెనడాలో ఈరీ సరస్సు తీరమున, క్రిస్టల్ బీచ్ నందు ష్మెక్ 1948లో రూపొందించిన కామెట్ కథ మరింత విచిత్రము. అది తానే 1927నాటి సైక్లోన్ అను కోస్టరు ఉక్కుతో కట్టినది. 1989లో క్రిస్టల్ బీచ్ మూతపడగా చార్లెస్ వుడ్ అను నాతడు వేలములో దానిని కొని, కొన్నేండ్లు భద్రపరచి, 1994లో న్యూయార్కు రాష్ట్రములోని గ్రేట్ ఎస్కేప్ వనమున నిలిపెను.

వైల్డ్ వన్ ఉన్న మేరీలాండ్ వనము 2025 నవంబరు 2వ తేదీన మూతపడినది. శతాబ్దము దాటిన ఆ కోస్టరు ఒకసారి నేల మారినది. రెండవసారి మారుటకు అడ్డంకి ధనము, సంకల్పము లేకపోవుట మాత్రమే కాని, విద్య లేకపోవుట కాదు. మూలచిత్రములు లేని రాకెట్‌ను గుర్తులు వేసికొని తెచ్చి నిలిపిన ఎలిస్‌బర్గ్ వారి ఉదాహరణము కన్నులయెదుట నుండగా, దానిని గొడ్డలి పాలు కానీయక కాపాడవలసినదిగా ఆ వృత్తిలోని ధనవంతులను అర్థించుట అన్యాయము కాదు.