కొరడా నుంచి టైమ్‌షీట్ దాకా: పని చేసినోళ్ళ, చేయించినోళ్ళ చరిత్ర



జీతం ఆలస్యమైతే, ఎండలో పని ఎక్కువైతే మన నోట ముందు వచ్చే మాట "బానిస బతుకైపోయింది" అని. కోపంలో అన్న మాటను తప్పు పట్టేదేం లేదు. కానీ బానిసత్వం అసలు ఎట్లా నడిచింది, అది పోయాక ఆ జాగాలోకి మన తెలుగోళ్ళను ఎట్లా తీసుకుపోయారు, ఇయ్యాల మనం ఎక్కడ నిలబడ్డాం అన్నది వరుసగా చూస్తే, మన చేతిలో ఉన్నదేంటో లేనిదేంటో తేటగా కనబడుతుంది. అందుకే ఈ వ్యాసం.

నేను చదివింది సివిల్ డిప్లొమా. మక్కాలో సైట్ సూపర్‌వైజర్‌ని, పని చేయించడమే నా ఉద్యోగం. అందువల్ల చరిత్ర పుస్తకం పట్టుకుంటే నా కన్ను రాజు మీదికో యజమాని మీదికో పోదు. యజమానికీ పనివాడికీ మధ్యలో నిలబడి పని చేయించే మనిషి మీదికి పోతుంది. ఈ కథను ఆ మనిషి వైపు నుంచే చెబుతాను.

అమెరికా తోటల్లో ఒక రోజు

1619లో సుమారు ఇరవై మంది ఆఫ్రికా వాళ్ళను వర్జీనియా తీరంలో దించి అమ్మారు. 1860 జనాభా లెక్కలు తీసే నాటికి అమెరికాలో బానిసలు 39 లక్షలు దాటారు. అంతమందిని ఓడల్లో తేలేదు. బయటి నుంచి బానిసలను తేవడం 1808లోనే చట్టప్రకారం ఆగిపోయింది. ఇంతగా పెరగడానికి కారణం వేరే ఉంది. తల్లి బానిసైతే బిడ్డ కూడా బానిసే అని వర్జీనియా 1662లోనే చట్టం చేసింది. పుట్టిన ప్రతి బిడ్డా యజమాని ఆస్తి లెక్కలోకి పోయేది. పెళ్ళికి చట్టంలో విలువ లేదు. మొగుణ్ణి ఒకరికి, పెళ్ళాన్ని ఒకరికి అమ్మినా అడిగే దిక్కు లేదు. చదువు నేర్పడమే నేరమని చాలా దక్షిణాది రాష్ట్రాలు చట్టాలు పెట్టాయి.

పత్తి తోటల్లో తెల్లారకముందే కొమ్ము ఊదేవాళ్ళు. గుంపు గుంపుగా సాళ్ళలోకి దిగాలి. సాయంత్రం ఎవరి గంప వాళ్ళు తెచ్చి తూకం వేయించాలి. తూకం తగ్గితే కొరడా దెబ్బలు. ఎక్కువ వచ్చినా కష్టమే, రేపటి నుంచి అంత తేవాల్సిందే. మన సైట్లో "నిన్న ఇంత చేశావు కదా, ఇయ్యాల ఎందుకు కాదు" అనే మాట ఎంత పాతదో చూడండి. వారం తిండికి ఒక మనిషికి ఐదారు కిలోల మొక్కజొన్న పిండి, కిలోన్నర దాకా ఉప్పు పెట్టిన పంది మాంసం ఇచ్చేవాళ్ళు. బట్టలు సంవత్సరానికి రెండు సార్లు, అదీ ముతక గుడ్డ. వరి పండే దక్షిణ కరొలినా తీరంలో మాత్రం పద్ధతి కొంచెం వేరు. రోజుకు ఇంత అని పని కొలిచి ఇచ్చేవాళ్ళు. అది అయిపోతే మిగిలిన పొద్దు తనది. ఆ పొద్దులోనే చిన్న తోటలు వేసుకున్నారు, కోళ్ళు పెంచుకున్నారు, ఒకరికొకరు ఆసరా అయ్యారు.

అక్కడ పని చేయించేవాళ్ళు రెండు రకాలు. జీతానికి పనిచేసే తెల్లవాడు ఓవర్‌సీర్. అతని కింద బానిసల్లోంచే ఒకణ్ణి తీసి కొరడా చేతికిస్తారు, అతను డ్రైవర్. సాలమన్ నార్తప్ అనే ఆయన న్యూయార్క్‌లో స్వేచ్ఛగా పుట్టిన నల్లజాతి మనిషి. 1841లో మోసం చేసి ఎత్తుకుపోయి లూసియానాలో అమ్మేశారు. పన్నెండేళ్ళు బానిసగా ఉండి 1853లో బయటపడి తన కథ పుస్తకంగా అచ్చు వేయించాడు. అతన్నీ డ్రైవర్‌గా పెట్టారు. కొట్టకపోతే తనకు దెబ్బలు, కొడితే తన వాళ్ళకు దెబ్బలు. అందుకని కొరడా చివర వీపుకు వెంట్రుకవాసి దూరంలో ఆగేటట్టు విసరడం సాధన చేశానని రాశాడు. యజమాని చూస్తుంటే పనివాళ్ళు నిజంగా తగిలినట్టే మెలికలు తిరిగేవాళ్ళట. మధ్యలో నిలబడ్డ మనిషి సంకటం ఇంతకన్నా స్పష్టంగా నాకు ఎక్కడా కనబడలేదు.

ఇదంతా మనకెట్లా తెలిసింది?

చాలాకాలం చరిత్రకారులు యజమానుల లెక్కల పుస్తకాలు, ఉత్తరాలు చూసే బానిసత్వం గురించి రాశారు. ఉల్రిక్ ఫిలిప్స్ 1918లో రాసిన పెద్ద పుస్తకంలో తోటలు పనివాళ్ళకు బడుల్లాంటివి అన్నంత మెత్తగా కనబడతాయి. యజమాని రాసుకున్న కాగితంలో యజమాని మంచివాడే అవుతాడు మరి. తర్వాత 1936 నుంచి 1938 వరకు అమెరికా ప్రభుత్వం రచయితలను ఊళ్ళకు పంపి, బతికున్న మాజీ బానిసలు 2,300 మందికి పైగా చెప్పింది రాయించింది. ఏం తిన్నారు, ఎట్లా పడుకున్నారు, అమ్మను ఎప్పుడు అమ్మేశారు, అన్నీ అందులో ఉన్నాయి. 1970ల్లో జాన్ బ్లాసింగేమ్, యూజీన్ జెనోవీజ్, హెర్బర్ట్ గట్‌మన్ లాంటి వాళ్ళు బానిసల వైపు నుంచి చరిత్ర రాశారు. యజమానులు ఆస్తి లెక్కకని రాసుకున్న పుట్టుకల పట్టీలనే గట్‌మన్ తిరగేసి చదివాడు. పిల్లలకు తండ్రుల పేర్లు, తాతల పేర్లు పెట్టుకున్నారని చూపించాడు. చట్టం ఒప్పుకోని కుటుంబాన్ని వాళ్ళు పేర్లతో నిలబెట్టుకున్నారు.

ఇంకో మనిషిని తలుచుకోవాలి, ఒమర్ ఇబ్న్ సయ్యద్. పశ్చిమ ఆఫ్రికాలో చదువుకున్న ముస్లిం. 1807లో పట్టుకుపోయి అమెరికాలో అమ్మారు. 1831లో తన జీవితాన్ని అరబీలో రాసుకున్నాడు. ఆ చిన్న పుస్తకం ఇప్పుడు అమెరికా జాతీయ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉంది. యజమానికి చదవరాని లిపిలో తన మాట మిగిల్చిపోయాడు.

బానిసత్వం పోయింది, ఓడలు మన వైపు తిరిగాయి

బ్రిటన్ తన వలసల్లో బానిసత్వాన్ని 1833 చట్టంతో రద్దు చేసింది. 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది. ఇచ్చింది బానిసలకు కాదు, యజమానులకు. అమెరికాలో అంతర్యుద్ధం తర్వాత 1865లో రద్దయింది. బ్రిటిష్ వాళ్ళ చెరకు తోటలకు మళ్ళీ మనుషులు కావాల్సి వచ్చారు. 1834 నుంచి మారిషస్‌కు, తర్వాత మిగతా చోట్లకు భారతీయులను ఐదేళ్ళ ఒప్పందం మీద ఎక్కించారు. చరిత్రకారుడు హ్యూ టింకర్ 1974లో దీని మీద రాసిన పుస్తకానికి "కొత్త రకం బానిసత్వం" అనే అర్థం వచ్చే పేరే పెట్టాడు.

మన తెలుగోళ్ళు మారిషస్, నాటాల్, ఫిజీ అన్నిచోట్లకూ పోయారు. నాటాల్ అంటే ఇప్పటి దక్షిణాఫ్రికా డర్బన్ వైపు. ట్రూరో అనే ఓడ 1860 అక్టోబర్ 12న మద్రాసులో బయల్దేరి నవంబర్ 16న డర్బన్ చేరింది. అందులో 342 మంది, తమిళ, తెలుగు జనం. మొదటి ఏడాది జీతం నెలకు 10 షిల్లింగులు, తర్వాత ఏడాదికొక షిల్లింగు పెంపు. తిండి, వసతి యజమానిది. ఆడవాళ్ళకు సగం జీతం. తోట దాటి పోవాలంటే చీటీ ఉండాలి. చెప్పకుండా పోతే అది మామూలు గైర్హాజరు కాదు, జైలుకు పంపే నేరం. తోటలో మనవాళ్ళలోంచే ఒకణ్ణి పెట్టి పని చేయించేవాళ్ళు, అతన్ని సర్దార్ అనేవాళ్ళు. అప్పులిచ్చేది, లంచం తీసుకునేది, దొరకు నచ్చజెప్పేది, కొట్టేది అన్నీ అతనే. కొమ్ము పోయి గంట వచ్చింది, డ్రైవర్ పోయి సర్దార్ వచ్చాడు.

కానీ ఒక పెద్ద తేడా ఉంది. ఈ ఒప్పందానికి గడువుంది. గడువు తీరి తిరిగొచ్చిన వాళ్ళు మాట్లాడారు. 1871లో నాటాల్ నుంచి మద్రాసుకు వచ్చిన మొదటి జట్టు అక్కడి అధికారుల ముందు కొరడా దెబ్బల గురించి, కోసేసిన జీతాల గురించి ఫిర్యాదు చేసింది. భారత ప్రభుత్వం నాటాల్‌కు మళ్ళీ కూలీలను పంపడానికి ఒప్పుకోలేదు. 1872లో నాటాల్ విచారణ సంఘం వేసింది, కూలీల కోసం రక్షణాధికారిని పెట్టాల్సి వచ్చింది. 1874లో గానీ మళ్ళీ ఓడలు కదల్లేదు. వేలిముద్ర వేసే కూలీలు నోరు విప్పితే ఒక వలస రాజ్యమే విచారణ వేయాల్సి వచ్చిందన్నమాట.

అక్కడే స్థిరపడదామనుకున్న వాళ్ళను వదిలించుకోవడానికి నాటాల్ 1895లో ఏడాదికి 3 పౌండ్ల పన్ను చట్టం తెచ్చింది. పది షిల్లింగుల జీతగాడికి అది ఆరు నెలల జీతం. 1913లో గాంధీ పిలుపు మీద బొగ్గు గనుల్లో, చెరకు తోటల్లో వేలమంది పని ఆపారు. 1914లో పన్ను పోయింది. అశ్విన్ దేశాయ్, గులాం వాహెద్ అనే చరిత్రకారులు ఆ కూలీల జీవితాలను రక్షణాధికారి ఫైళ్ళలోంచే వెలికి తీశారు. ఓడ పట్టీల్లో ప్రతి మనిషికీ ఒక నంబరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చ రాసి ఉంటాయి. ఇయ్యాల డర్బన్‌లో ఉన్న తెలుగు కుటుంబాలు ఆ నంబరు పట్టుకునే విశాఖపట్నం, చిత్తూరు వైపు తమ ఊళ్ళు వెతుక్కుంటున్నాయి.

మేస్త్రీ అనే మాట

మేస్త్రీ అనే మాట మనకు కొత్త కాదు. బర్మాకు పోయిన తెలుగోళ్ళ కథంతా మేస్త్రీ చుట్టూ తిరుగుతుంది. కాకినాడ, విశాఖ, భీముని పట్నం రేవుల నుంచి పోయిన వాళ్ళను కోరంగీలు అనేవాళ్ళు, పాత కోరంగి రేవు పేరు మీద. రంగూన్ ఓడరేవులో మూటలు మోసిందీ, రిక్షా లాగిందీ, బియ్యం మిల్లుల్లో పనిచేసిందీ ఎక్కువగా వీళ్ళే. మేస్త్రీ ఊళ్ళో అడ్వాన్సు ఇచ్చి తెస్తాడు. కంపెనీ జీతం మేస్త్రీ చేతికి ఇస్తుంది. తన అడ్వాన్సు, తన వాటా పట్టుకుని మిగిలింది కూలీకిస్తాడు. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ళ జాగాలో బర్మా వాళ్ళను పెట్టి, సమ్మె తీరగానే వాళ్ళను పొమ్మన్నారు. గొడవ మొదలై వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. పేదోడికి పేదోడు శత్రువు కాదు. ఒకడి కడుపు మీద ఇంకొకణ్ణి నిలబెట్టిన లెక్క అది.

మన పాలమూరు సంగతి కూడా ఇదే దారి. దేశంలో ఎన్నో ప్రాజెక్టుల మట్టి మోసిన పాలమూరు లేబర్‌ను గుంపు మేస్త్రీలే అడ్వాన్సుల మీద తీసుకుపోయారు. అప్పు కింద మనిషిని కట్టేసుకోవడాన్ని నిషేధిస్తూ 1976లో చట్టం వచ్చింది. ఇయ్యాల ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన వడ్డీ అప్పు కూడా ఆ అడ్వాన్సుకు తమ్ముడే. సౌదీలో దిగకముందే మన మెడకు పడే తాడు అది.

మరి ఇక్కడ?

మనం పనిచేస్తున్న ఈ మక్కాలో కూడా బానిసల అమ్మకం ఉండేది. బిలాల్ గారు ఇక్కడే బానిసగా దెబ్బలు తిని, విముక్తులై, మొదటి అజాన్ ఇచ్చిన వారయ్యారు. ఆ కథ మనలో తెలియనివాళ్ళుండరు. సౌదీలో బానిసత్వం చట్టప్రకారం పోయింది మాత్రం 1962లో. రెండేళ్ళకు 1964లో అమెరికా బానిసల వంశంలో పుట్టిన మాల్కం ఎక్స్ ఇక్కడ హజ్ చేశాడు. ఆ ఎక్స్ ఏంటంటే, బానిసత్వంలో పోయిన తన పూర్వీకుల పేరు జాగాలో పెట్టుకున్న గుర్తు. ఇంటిపేరు తెలియని మనిషి గుర్తు.

ఇప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుందాం. నన్ను అమ్మవచ్చా? నా పనికి గడువుందా? నా బిడ్డకు ఇది అంటుకుంటుందా? అమెరికా బానిసకు జవాబు: అమ్మవచ్చు, గడువు లేదు, అంటుకుంటుంది. నాటాల్ కూలీకి: అమ్మరాదు, ఐదేళ్ళు, అంటుకోదు, కానీ మధ్యలో వదిలితే జైలు. మనకు: అమ్మలేరు, కాంట్రాక్టుకు గడువుంది, బిడ్డలు ఊళ్ళో చదువుకుంటున్నారు. 2021 మార్చి 14 నుంచి చాలా మంది ప్రైవేటు కార్మికులు నిబంధనల ప్రకారం కఫీల్ అనుమతి లేకుండా కంపెనీ మారవచ్చు, ఎగ్జిట్ రీఎంట్రీ పెట్టుకోవచ్చు. అయితే ఇంటి పనివాళ్ళు, ఇళ్ళ డ్రైవర్లు, గొర్రెల కాపర్లు, తోటపని వాళ్ళు ఆ మార్పులోకి రాలేదు. మన బాధల్లో పెద్దవి అక్కడే ఉన్నాయి. పని వదిలి పోయాడని రిపోర్టు పడితే ఇప్పటికీ చిక్కే.

కాబట్టి మనం బానిసలం కాదు. అంటే మనకు అన్యాయం జరగదని కాదు. బానిసకు అడిగే జాగా లేదు, మనకుంది. ఉన్న జాగాను వాడుకోకపోతే అది మూసుకుపోతుంది. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర పెట్టుకోరాదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో బయటి పని చేయించరాదు. ఓవర్‌టైమ్ గంటకు గంట జీతం మీద బేసిక్‌లో సగం కలపాలి. జీతం బ్యాంకులో పడాలి. ఇవి దయ కాదు, రాసి ఉన్న నిబంధనలు.

నాలాంటి సూపర్‌వైజర్లకు, ఫోర్‌మన్లకు ఒక మాట. నార్తప్ చేతిలో కొరడా ఉండేది, మన చేతిలో టైమ్‌షీట్ ఉంది. పది గంటలు చేసిన వాడికి ఎనిమిది రాస్తే ఆ దెబ్బకు చప్పుడు రాదు, అంతే తేడా. పైనుంచి ఒత్తిడి మనకూ ఉంది. కానీ గాల్లో కొరడా విసిరి తన వాళ్ళను కాచుకున్న మనిషికి ఉన్న కష్టంలో మనకు పావు వంతు కూడా లేదు. ఉన్నది ఉన్నట్టు రాయడం మన చేతిలో పనే.

పనిచేసే తమ్ముళ్ళకు ఒక మాట. కాంట్రాక్టు కాపీ, ఇఖామా, జీతం మెసేజీ, ఏజెంటుకు కట్టిన డబ్బు రసీదు, అన్నింటికీ ఫోటో తీసి ఇంటికి పంపి ఉంచండి. ఓవర్‌టైమ్ గంటలు ఒక చిన్న నోటుబుక్కులో మీరే రాసుకోండి, తెలుగులోనే రాసుకోండి. రేపు లేబర్ ఆఫీసులో గానీ జెద్దా కాన్సులేట్‌లో గానీ నిలబడితే మీ మాటకు బలం ఆ కాగితమే. ఆపైన, మన మనవళ్ళు మా తాత గల్ఫ్‌లో ఎట్లా బతికాడని అడిగిన రోజున కంపెనీ రిజిస్టర్ ఒక్కటే జవాబు చెప్పకూడదు.