బాడుగ చట్టాలలో చోటు దొరకని గాలి: చిత్తూరు, తిరుపతి

చిత్తూరు ప్రాంతంలో చాలా ఇళ్ల పునాదులు గ్రానైటు, నైసు శిలలపై నిలిచాయి. ఆ శిలల్లో స్వల్పంగా ఉండే యురేనియం క్షయించే క్రమంలో రేడాన్ వాయువు పుట్టి, నేల పగుళ్ల గుండా కింది గదులలోకి చేరుతుంది. పొగాకు తరువాత ఊపిరితిత్తుల క్యాన్సరుకు ముఖ్య కారణాలలో ఇదొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఘనమీటరు గాలికి 100 బెకరెల్‌లను ప్రమాణస్థాయిగా సూచించింది.

మద్రాసు రాష్ట్రంలో ఉన్ననాడు ఈ జిల్లా పట్టణాలకు వర్తించినది 1949 నాటి అద్దె నియంత్రణ చట్టం. తరువాత వచ్చినది 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం, అదీ పురపాలక సంఘాల పరిధికే. యుద్ధానంతర ఇళ్ల కొరత నేపథ్యంలో రూపొందిన ఈ శాసనాలకు బాడుగ పెంపు, ఇల్లు ఖాళీ చేయించడం ప్రధాన సమస్యలు. నీరు, విద్యుత్తు వంటి వసతులను యజమాని తగిన కారణం లేకుండా తొలగించరాదని 1960 చట్టం నిర్దేశించింది. అంటే ఇంటినుండి తీసివేసిన దానికే విచారణ; ఇంటిలోకి వచ్చి చేరిన దానికి లేదు. 1957 ఆగస్టు 26 తరువాతి కట్టడాలకిచ్చిన మినహాయింపును 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అక్కడ కూడా తేలినది చట్టం ఎవరికి వర్తిస్తుందన్నదే. ఆరోగ్యం ప్రస్తావనకు రాలేదు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం అద్దె ఇళ్లలో రేడాన్ పరీక్షను యజమాని విధిగా చేసింది. తిరుపతిలో కింది అంతస్తు గదిని బాడుగకు తీసుకున్నవారికి అలాంటి పరీక్ష కోరే హక్కును 1960 చట్టంలోని ఏ సెక్షనూ ఇవ్వలేదు.