వెట్టి వారసత్వం నుంచి వీలునామా దాకా

"వీలునామా ఆస్తి ఉన్నోళ్లకి గాని మనకెందుకురా? రాసియ్యడానికి మన దగ్గర ఏముంది?" మా గేరిలో ఈ మాట చిన్నప్పట్నించీ వింటున్నాను. యూనివర్సిటీకి వచ్చి చట్టాల చరిత్ర చదవడం మొదలుపెట్టాక ఈ మాట వెనక ఎంత చరిత్ర ఉందో అర్థమైంది. దళితులకి వారసత్వం లేక కాదు. ఉంది. కాకపోతే మనకి వారసత్వంగా ఏది రావాలో, ఏది రాకూడదో వేరేవాళ్లు నిర్ణయించారు.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1895లో వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం వచ్చింది. మునసబు, కరణాలతో పాటు వెట్టి, తోటి, తలారి కూడా ఆ చట్టం కిందికే వచ్చారు. ఉద్యోగానికి ఇచ్చిన మాన్యాన్ని అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. చాకిరీ తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. ఆ చాకిరీ చేసినంతకాలమే మాన్యం ఉంటుంది. కరణం కొడుక్కి వారసత్వంగా కలం, అధికారం వచ్చాయి. వెట్టివాడి కొడుక్కి వచ్చింది చావు కబురు మోసే పని. రెంటినీ ఒకే చట్టం 'హక్కు' అంది. బొంబాయి రాష్ట్రంలో మహర్ వతన్ పేరుతో సాగిన ఇలాంటి చాకిరీ మీదనే అంబేడ్కర్ 1928లో శాసనమండలిలో బిల్లు పెట్టాడు. మన దగ్గర ఉద్యోగాలకి వంశాన్ని చూడటం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 1960లో గాజుల దశరథరామారావు కేసులో చెప్పేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ కేసు వేసింది వెట్టివాడు కాదు, మునసబు ఉద్యోగం కోరినాయన. అయినా తీర్పు అందరికీ పనికొచ్చింది.

ఇక ఆస్తి సంపాదించిన దళితుడి సంగతి చూద్దాం. దత్తమండలాల్లోని బళ్లారిలో మాథ్యూ అబ్రహాం అనే ఆయన ఉండేవాడు. పూర్వీకులు పరయ కులస్తులు, క్రైస్తవం తీసుకున్నారు. ఆబ్కారీ కాంట్రాక్టుల్లో బాగా సంపాదించి, 1842లో వీలునామా రాయకుండానే చనిపోయాడు. ఆస్తి భార్య షార్లెట్‌దని ఆమె, ఉమ్మడి కుటుంబంలో నాకూ వాటా ఉందని తమ్ముడు ఫ్రాన్సిస్ కోర్టుకెక్కారు. బళ్లారి కోర్టు నుంచి మద్రాసు సదర్ అదాలతుకి, అక్కణ్ణించి లండన్ ప్రివీ కౌన్సిల్‌కి పోయింది వ్యాజ్యం. 1863లో తీర్పు వచ్చింది. మతం మారినవాడు పాత ధర్మశాస్త్రాన్ని వదిలేయొచ్చు, కావాలంటే దాన్నే పట్టుకుని ఉండొచ్చు, ఏది చేశాడో అతని నడవడిని బట్టి తేలుతుంది అన్నారు. అబ్రహాం హిందూ పద్ధతి వదిలేశాడు కాబట్టి తమ్ముడికి ఉమ్మడి వారసత్వం లేదన్నారు.

ఈ కేసుని లా కాలేజీల్లో మతమార్పిడి కేసుగా చెప్తారు. కాని మనం అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఊరి బయట ఉంచిన కులం మీద ఊరి లోపలి ధర్మశాస్త్రం ఏనాడు పనిచేసిందని? గుళ్లోకి రానియ్యని మనిషి చచ్చాక ఆస్తి పంచడానికి మాత్రం ఆయన హిందువా కాదా అని ఇరవై ఏళ్ల తర్వాత లండన్‌లో తేల్చారు!

1865 వారసత్వ చట్టం, దాని తర్వాత 1925 చట్టం వచ్చాక క్రైస్తవులకి వాటాలు స్పష్టమయ్యాయి. భార్యకి మూడో వంతు, మిగతాది పిల్లలకి. కొడుకూ కూతురూ సమానమే. మంచిదే. కాని ఇదే చట్టంలో ఇంకో మెలిక పెట్టారు. క్రైస్తవుడు వీలునామా రాస్తే, అది నిజమైందేనని కోర్టు నుంచి ప్రొబేట్ తెచ్చుకుంటే తప్ప దాని కింద హక్కు రుజువు చేసుకోలేరు. హిందువులకైతే మద్రాసు, బొంబాయి, కలకత్తా లాంటి చోట్ల రాసిన వీలునామాలకి, అక్కడి స్థిరాస్తులకి మాత్రమే ఆ నిర్బంధం. అంటే కర్నూలు జిల్లాలో రెడ్డిగారి వీలునామాకి అక్కర్లేని ప్రొబేటు, అదే ఊళ్లో బాప్టిజం తీసుకున్న మాదిగ వీలునామాకి కావాల్సి వచ్చింది. పైగా వీలునామా రాయకుండా చస్తే క్రైస్తవుల వారసులకి ఈ తిప్పలు లేవు. రాసిపోయినవాడి పిల్లలే కోర్టు చుట్టూ తిరగాలి. 2002లో చట్టం సవరించేదాకా ఇదే పరిస్థితి. మనోళ్లకి వీలునామా రాసే అలవాటు లేదని ఎగతాళి చేసేవాళ్లు ఈ సంగతి కూడా చెప్పాలి.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా జేజినాయనకి 1976లో రెండెకరాల డీకేటీ పట్టా వచ్చింది. ఆయన 1994లో పోయాడు. వీలునామా లేదు. జేజి, పెదనాయన, నాయన, మేనత్త మిగిలారు. ఆఫీసులో పెదనాయన ఒక్కడి పేరు ఎక్కించారు. అత్త పేరు రాయమని నాయన అడిగితే "పెళ్లయిపోయిన ఆడపిల్లకి డీకేటీ ఏందయ్యా" అన్నారంట. మేం ఆదివారం చర్చికి పోతాం, సర్టిఫికెట్లలో హిందువులం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడు షెడ్యూల్డ్ కులం కాడు కాబట్టి ఇట్లా బతికే ఇళ్లు లెక్కలేనన్ని. మమ్మల్ని హిందువులనుకుంటే 1956 చట్టం ప్రకారం నలుగురికీ తలా అరెకరా. క్రైస్తవులనుకుంటే జేజికి సుమారు 67 సెంట్లు, పిల్లలకి తలా 44 సెంట్లు. జేజికి ఎక్కువ రావాలంటే మా చదువుల కాగితాన్ని పణంగా పెట్టాలి. ఏ చట్టం చూసినా అత్తకి వాటా ఉంది. కాగితంలో మాత్రం లేదు.

ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1977 అసైన్డ్ భూముల చట్టం అమ్మకం, దానం, తాకట్టు, కౌలు అన్నిటినీ నిషేధించింది. కాని 'బదిలీ' అంటే ఏమిటో చెప్పే నిర్వచనంలో వీలునామాని మినహాయించింది. అంటే జేజినాయన బతికుండగా తన కూతురి పేరు ఒక తెల్లకాగితం మీద రాసి ఉంటే ఆ మాటకి బలం ఉండేది. దానికి స్టాంపు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. వేలిముద్ర చాలు. ఆ ముద్ర వేయడం చూసిన ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. క్రైస్తవులు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. ఆస్తి పొందేవాళ్లు గాని, వాళ్ల భార్య లేదా భర్త గాని సాక్షిగా ఉంటే వాళ్లకి రాసింది చెల్లదు. కూతురికి రాసి అల్లుడితో సాక్షి సంతకం పెట్టించామా, కూతురి వాటా పోయినట్టే.

ఈ మాత్రం సంగతి మా జేజినాయనకి ఎవరు చెప్పారు? పట్టా ఇచ్చిన రోజున ఫోటోలు దిగారు, ఉపన్యాసాలిచ్చారు. ఆయన తర్వాత ఎవరిదో ఎవరూ అడగలేదు. ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములు అమ్ముకునే హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 2023లో సవరణ తెచ్చాక ఈ ప్రశ్న ఇంకా ముదిరింది. అమ్ముకునే హక్కు వారసులకి అన్నప్పుడు, వారసులెవరు? పేరు ఎక్కిన పెదనాయనా, పేరు ఎక్కని అత్తా?

మనం భూమి కోసం పోరాడాం, కొంత సాధించాం కూడా. సాధించిన భూమి మన ఆడోళ్ల పేరు మీదకి చేరకపోతే ఆ లెక్క మనమే చెప్పుకోవాలి, దీన్ని అగ్రకులాల మీదికి నెట్టడానికి లేదు. హిందూ కోడ్ బిల్లు కోసం అంబేడ్కర్ 1951లో మంత్రి పదవి వదులుకున్నాడని సభల్లో చెప్పుకునే మనం, మన ఇళ్లలో పట్టా తీసి చూడాలి.

నాయన పోయినేడు తన పేరు మీద ఉన్న ఇంటి జాగాకి వీలునామా రాశాడు. అందులో మా చెల్లెలి పేరుంది. పక్కింటోళ్లిద్దరు సాక్షులు. "ఇంత చిన్నదానికి ఇదంతా ఎందుకురా" అంటూనే సంతకం పెట్టాడు. అత్త వాటా ఇంకా తేలలేదు. పెదనాయనతో మాట్లాడుతున్నాం. విద్యార్థులు, కార్యకర్తలు ఊళ్లకి పోయినప్పుడు గేరిలో ట్రంకుపెట్టెలు తెరిపించి పట్టాలు చూడండి, ఎవరి పేరుందో, ఎవరి పేరు లేదో రాసుకోండి. మన ఆస్తుల చరిత్ర అక్కణ్ణించే మొదలవ్వాలి.